చిట్టెలుకకు ఎనిమిది గంటలు, మనకు ఎనిమిది గంటలు

అపోహ: రోజులో ఎనిమిది గంటల్లోపు ఏం తిన్నా ఒంటికి కొవ్వు పట్టదు. ఎలుకల మీద ఇది రుజువైంది.

వాస్తవం: రుజువైన మాట నిజమే, కానీ ఎలుకల్లోనే. 2012లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో సచ్చిదానంద పాండా బృందం మగ చిట్టెలుకలకు దాదాపు 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేత పెట్టింది. కొన్నిటికి రాత్రింబవళ్లూ మేత అందుబాటులో ఉంది. మిగిలినవాటికి రాత్రిపూట, అంటే అవి చురుగ్గా తిరిగే వేళలో, ఎనిమిది గంటలే. తిన్న కేలరీలు దాదాపు సమానం. అయినా మొదటి గుంపు ఊబకాయం తెచ్చుకుంది, రెండోదానికి ఆ బెడద తప్పింది. ఎంత తిన్నామన్నదే కాదు, ఎప్పుడు తిన్నామన్నదీ జీవక్రియను మార్చగలదని చూపిన గొప్ప ప్రయోగమిది. చిక్కల్లా ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మన వంటింటికి తెచ్చుకోవడంలోనే ఉంది.

పాతిక గ్రాముల ప్రాణికి పదహారు గంటల పస్తు చిన్న విషయం కాదు. ఒక్కరోజు మేత లేకపోతే దాని బరువులో పదో వంతుకు పైగా పోతుంది. 70 కిలోల మనిషి ఒక్కరోజులో ఏడు కిలోలు తగ్గితే ఎలా ఉంటుందో ఊహించండి! పైగా చిట్టెలుక ఒంటికి సరిపడే వేడి 30 డిగ్రీల దాకా ఉండాలి. ప్రయోగశాలలో ఉండేది సాధారణంగా 22 డిగ్రీలే కాబట్టి, తిన్నదాంట్లో పెద్ద వాటా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. జాతి సంగతీ ఉంది. ఈ ప్రయోగాల్లో ఎక్కువగా వాడే ‘బ్లాక్ 6’ ఎలుకలు కొవ్వు మేతకు ఇట్టే లావెక్కుతాయి, ‘ఏ/జే’ ఎలుకలు అదే మేతను చాలావరకు తట్టుకుంటాయి. ఎలుక చెప్పిందే ప్రమాణమనుకుంటే 29 రకాల మేతలతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనాన్నీ ఒప్పుకోవాలి. అందులో ఒంటి కొవ్వును పెంచింది మేతలోని కొవ్వే, చక్కెర కాదు. ఆ మాట నమ్మి మిఠాయిలు తినమని ఎవరూ చెప్పరు కదా?

“ఎనిమిది గంటల పద్ధతితో మా బరువు తగ్గింది” అనేవాళ్లున్నారు. వాళ్ల మాట అబద్ధం కాదు. తినే వేళ కుదించుకుంటే చాలామంది తినేదీ తగ్గుతుంది. ఆ రెంటినీ విడదీసి చూసిన పరీక్ష చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగింది, 2022లో వెలువడింది. స్థూలకాయులు 139 మంది ఏడాదిపాటు కేలరీలు తగ్గించుకున్నారు, వాళ్లలో సగం మంది ఎనిమిది గంటల నియమమూ పాటించారు. రెండు వర్గాలూ బరువు తగ్గాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం రాలేదు.

అలాగైతే ఎలుకల ప్రయోగాలు వృథాయేనా అంటే, కానే కాదు. 1950లో జాక్సన్ లేబొరేటరీ వర్ణించిన ఒక లావు ఎలుక వంశమే 1994లో లెప్టిన్ హార్మోన్ జన్యువును పట్టిచ్చింది. పుట్టుకతో లెప్టిన్ లోపించి ఆకలికి అంతులేని పిల్లలకు ఆ హార్మోన్ ఇంజక్షన్లు కొత్త జీవితమిచ్చాయి. అదే లెప్టిన్ మామూలు ఊబకాయానికి మందు కాలేకపోయింది, ఎందుకంటే ఆ రోగుల్లో చాలామంది రక్తంలో అది ముందే ఎక్కువగా ఉంది.