పేర్ల పట్టిక చేతులు మారునప్పుడు

1957లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన ఫోర్‌ట్రాన్ భాష శాస్త్రీయ గణనలకు నేటికిని వాడుకలో నున్నది. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించెను. ఈ రెండు భాషలలో వ్రాసిన భాగములను ఒకే ప్రోగ్రాములో కలిపి వాడుట సాధారణము. వాని నడుమ సంఖ్యల నందించుట సులువే. పేర్ల పట్టిక నందించుటలోనే చిక్కున్నది. ఏలయన, కంప్యూటరు స్మృతిలో ఉండునవి బైట్లు మాత్రమే. ఒక పేరు ఎచ్చట ముగిసినదో బైట్లు తమంతట తాము చెప్పవు. దానిని ప్రతి భాషయు తన కట్టుబాటుచే నిర్ణయించుకొనును.

కడప, గుంటూరు, నెల్లూరు అను మూడు పేర్లను తీసికొందము. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను. గుణింతపు గుర్తు, పొల్లు, అనుస్వారము కూడ వేరువేరు సంకేతములే. కావున కడపకు 9, గుంటూరుకు 21, నెల్లూరుకు 24 బైట్లు పట్టును.

ఫోర్‌ట్రాన్ పట్టికలో గదులన్నియు సమానము. ఇచట ఒక్కొక్క గది 24 బైట్లనుకొందము. పేరు పోగా మిగిలిన చోటు ఖాళీ గుర్తులతో నిండును. మూడు గదులును కలిసి 72 బైట్లు వరుసగా నుండును. సి భాష పద్ధతి వేరు. అందు ప్రతి పేరు చివరను సున్న విలువగల బైటు ఒకటి ముగింపు గుర్తుగా నుండును. పట్టికలో సాధారణముగా పేర్లుండవు. అవి ఉన్న చోట్ల చిరునామాలు మాత్రమే ఉండును.

ఫోర్‌ట్రాన్ గదులను ఉన్నవి ఉన్నట్లే అందించినచో ఏమగును? 64 బిట్ల యంత్రములో సి భాగము ‘కడప’లోని మొదటి 8 బైట్లను చిరునామాగా భావించి, లేని చోటును వెదకబోవును. సాధారణముగా ప్రోగ్రాము అచ్చటనే ఆగిపోవును. చిరునామాలు సరిగానిచ్చి ముగింపు సున్నను మరచిన మరింత ప్రమాదము. కడప వెంట గుంటూరు, నెల్లూరు కూడ ఒకే పేరుగా చదువబడును. అటుపైనున్న రహస్య సమాచారము కూడ బయటపడవచ్చును.

నడుమ నొక చిన్న మధ్యవర్తి భాగమును వ్రాయుటయే దీనికి ఉపాయము. అది ప్రతి గదిలోని పేరును వేరు చోటికి నకలు చేసి, చివరి ఖాళీలను తీసివేసి, సున్నను చేర్చును. నెల్లూరుకు ఇప్పుడు 25 బైట్లు కావలెను. పిమ్మట చిరునామాల పట్టికతోపాటు, పేర్లు మూడని కూడ తెలియజేయును. ఇట్టి కలయికకు వలయు నియమములను ఫోర్‌ట్రాన్ 2003 ప్రమాణము ఏర్పరచినది.

పేర్లెన్ని, ఒక్కొక్కటి ఎచ్చట ముగియును, పని తీరిన పిదప ఆ స్మృతిని ఎవరు విడిచిపెట్టవలెను అను మూడు విషయములలో ఇరుపక్షములకు ముందే ఒప్పందముండవలెను. అది యున్నచో ఏ భాషలోని పట్టికయైనను మరొక భాషకు క్షేమముగా చేరును.