అంటు, ముట్టు, గర్భసంచి

నెలసరికి తెలుగులో వున్న పాతమాటలు వరసగా పెట్టి చూడండి: ముట్టు, అంటు, మైల, దూరం, బయట వుండటం. మాల మాదిగల గురించి ఊరు వాడిన మాటలూ ఇవే. ముట్టుకోకూడదు, అంటుకోకూడదు, దూరంగా నిలబడాలి, ఊరి బయట వుండాలి. అగ్రవర్ణ స్త్రీకి ఈ అంటు నాలుగోరోజు తలస్నానంతో పోతుంది. వాడకు అంటగట్టిన అంటు మాత్రం ఏ స్నానానికీ పోదన్నారు. దళిత స్త్రీ ఈ రెండు అంట్లూ మోస్తోంది.

అందుకే ఈ రక్తం ఏమిటో తెలుసుకుందాం అంటున్నాం. ఆ తెలివిడి అందకపోవడంవల్ల మన కూలి స్త్రీలు ముప్ఫయ్యేళ్ళకే గర్భసంచులు పోగొట్టుకుంటున్నారు.

ఆ రక్తం ఎక్కడిది?

గర్భసంచి పిడికిలంత కండరపు సంచి. దానికి అటొకటీ ఇటొకటీ బాదంకాయంత అండాశయాలు వుంటాయి. మెదడు అడుగున వున్న పీయూష గ్రంథి సంకేతం అందుకుని నెలనెలా ఒక అండం పక్వానికి వస్తుంది. ఆ సమయంలో అండాశయం నుంచి వూరే ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. వచ్చే ముట్టుకు సుమారు పద్నాలుగు రోజుల ముందు అండం విడుదలవుతుంది. అప్పుడు ప్రొజెస్టిరోన్ వూరి ఆ పొరను బిడ్డ నిలవడానికి సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే ఈ రెండు హార్మోన్లూ పడిపోతాయి. ఇక అక్కరలేని ఆ పొర రక్తంతో కలిసి జారిపోతుంది. ముట్టంటే ఇంతే. బిడ్డను పోషించడానికి తయారైన పొరను మైల అన్నది శాస్త్రం కాదు, కులం. 'చెడురక్తం' అనేది ఒకటి వొంట్లో నిలవ వుండే చోటే లేదు.

ముట్టయిన మొదటి రోజు నుంచి మళ్ళీ ముట్టయ్యే మొదటి రోజు వరకు లెక్కపెట్టాలి. 21 నుంచి 35 రోజుల మధ్య ఎంత వచ్చినా మామూలే. పెద్దమనిషి అయిన కొత్తలోనూ ముట్లుడిగే ముందూ లెక్క తప్పుతుంది. రెండు నుంచి ఏడు రోజులు కనబడొచ్చు. మొత్తం పోయే రక్తం సాధారణంగా 30-40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టు. కొలిచి చూసేవాళ్ళెవరూ వుండరు గనక గుర్తులు తెలియాలి: గంట రెండు గంటలకే గుడ్డ తడిసిపోవడం, రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం.

తెల్లబట్ట కూడా అంతే. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే తడి ఆరోగ్యానికి గుర్తు. వాసన, దురద, మంట, పెరుగు విరిగినట్టు కనబడటం వుంటే అది ఇన్ఫెక్షన్. దానికి మందులున్నాయి.

నాట్లలో ముట్టు

మూడు రోజులు మూల కూర్చోవడం అవమానమే. కానీ ఆ అవమానంతోపాటు వచ్చే విశ్రాంతి కూడా మన ఆడవాళ్ళకు లేదు. పగటి కూలి వస్తేనే రాత్రికి పొయ్యి వెలిగే ఇంట్లో ముట్టయినా నాటు వేయక తప్పదు. మడిలో నడుం వొంచి, తడిబట్టతో పొద్దు గూకేదాకా వుండాలి. చాటు దొరకదని నీళ్ళు తాగడం మానేస్తారు. దాంతో మూత్రంలో మంట మొదలవుతుంది. గుడ్డను మగవాళ్ళ కంటబడకుండా చూరులోనో చీర కిందో ఆరేస్తారు. అది సరిగా ఆరదు. సబ్బుతో వుతికి ఎండలో ఆరేసిన పాత నూలుగుడ్డ ఏ ప్యాడ్‌కూ తీసిపోదు. గుడ్డయినా ప్యాడయినా నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలి. ఎండకు వేయనివ్వని సిగ్గే ఇక్కడ జబ్బు.

కడుపునొప్పి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలవల్ల వస్తుంది. అవి గర్భసంచిని బిగించి పొరను బయటకు నెడతాయి. కాపడం పెట్టినా, మామూలు నొప్పిబిళ్ళ వేసుకున్నా తగ్గుతుంది. పని మానిపించేంత నొప్పి నెలనెలా వస్తే మాత్రం చూపించుకోవాలి.

రక్తంతోపాటు ఇనుమూ పోతుంది. మిల్లీలీటరుకు సుమారు అర మిల్లీగ్రాము. తిండిలో అది తిరిగి రాకపోతే వచ్చేది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆయాసం, కళ్ళు తిరగడం, నీరసం దీని లక్షణాలే. మన పల్లెల్లో మాత్రం వీటికి చెప్పే కారణం వేరే: 'గర్భసంచి చెడిపోయింది.'

సంచి తీయిస్తే పీడ పోతుందా?

పిల్లల ఆపరేషన్ అయిపోయాక గర్భసంచితో పనేముంది అని డాక్టరు అడుగుతాడు. నెలకు మూడు కూలిరోజులు పోతాయి గదా అని ఇంటివాళ్ళంటారు. 'క్యాన్సర్ అవుతుంది' అనే మాట పడితే అప్పు పుట్టించి మరీ బల్లెక్కుతారు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. చదువులేని స్త్రీలలోనే ఇది ఎక్కువ. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం రక్తస్రావం, నొప్పి. రెంటికీ ముందు వేరే వైద్యం వుంది.

క్యాన్సర్‌కో, మందులకు లొంగని పెద్ద గడ్డలకో ఆపరేషన్ అవసరమే. ప్రాణం నిలుపుతుంది. కానీ అండాశయాలు కూడా తీసేస్తే నలభై ఆరేడేళ్ళకు రావలసిన ముట్లుడిగే దశ మర్నాడే వచ్చిపడుతుంది. వొళ్ళు ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు. సంచి ఒక్కటే తీసినా అండాశయాలు ముందే అలసిపోయే అవకాశముంది. ఎముకల బలం మీద బతికే కూలి మనిషికి ఇది జీవనాధారం మీద దెబ్బ.

అందుకే బల్లెక్కే ముందు అడగండి: నా జబ్బు పేరేమిటి? స్కానింగులో ఏముంది? మందులు, ఇనుపబిళ్ళలు, హార్మోను వైద్యం వాడి చూశామా? అండాశయాలు వుంచుతారా? ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చా? బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద స్త్రీలకు జరిగిన అనవసర ఆపరేషన్ల మీద 2013లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. వీటిని అరికట్టడానికి కేంద్రం 2022లో చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. జిల్లాస్థాయి పర్యవేక్షణ కమిటీలు వాటిలో భాగం. మీ జిల్లాలో ఆ కమిటీ వుందా అని దళిత సంఘాలు కలెక్టరును అడగాలి.

ఎవరి చేతికి అంటుతోంది?

చివరగా ఒక మాట. పట్నం ఇళ్ళల్లో పారేసిన ప్యాడ్‌ను చెత్తలోంచి వేరుచేసేది ఎక్కువగా దళిత పారిశుధ్య కార్మికుల చెయ్యే. దాన్ని విడిగా చుట్టి ఇవ్వాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. ముట్టు మైల కాదని సభల్లో మాట్లాడేవాళ్ళు తమ ఇంటి చెత్తబుట్ట దగ్గర కూడా ఆ మాట మీద నిలబడాలి.

ఉద్యోగాల్లో నెలసరి సెలవు గురించి చర్చ నడుస్తోంది. మంచిదే. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ, ఆ ఖర్చులో యజమానికీ ప్రభుత్వానికీ బాధ్యత వుందని అంబేద్కర్ వాదించారు. ఆ న్యాయం నాట్లేసే స్త్రీ దాకా రావాలి. పొలం దగ్గర తాగునీరు, చాటు, ముట్టు రోజున కూలి కోత లేకుండా తేలికపని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష, ఇనుపబిళ్ళ. ఇవి దొరికితే మన స్త్రీలలో చాలామందికి ఆ ఆపరేషన్‌తో పనే వుండదు.