పాతపెట్టెలోని వ్రాతలు

మన యిండ్లలో పెక్కింట అటకమీదనో బీరువా అడుగుననో ఒక పాతపెట్టె యుండును. ఇంటి పెద్ద యొకరు ముప్పది, నలువది యేండ్లుగా వ్రాసికొన్న దినచర్యలు, వచ్చిన ఉత్తరములు, వ్రాసియు పంపని ఉత్తరములు, సగములో విడిచిన పద్యములు, జమాఖర్చు పుస్తకములు అందులో కలగాపులగముగా పడియుండును. ఇల్లు మారునపుడో, గోడలకు సున్నము వేయించునపుడో ఆ పెట్టె క్రిందికి దిగును. వీనిని ఏమి చేయవలెనను ప్రశ్న పుట్టును. సమాధానము తోపదు. పెట్టె మరల అటక యెక్కును.

అటక యెక్కించుట నిర్ణయము కాదు. వ్రాసినవారు తేల్చని సంగతిని చెదలైనను తేల్చును, వారసులైనను తేల్చుదురు. చెదలకు పక్షపాతము లేదు; వారసులకు తీరిక లేదు. కావున కన్నుచూపును జ్ఞాపకమును బాగుగా నున్నపుడే వ్రాసినవారు పెట్టె తెరచుట మేలు.

తెరచిన వెంటనే సామాన్యముగా కలుగు తలంపు, "నేనేమి మహాకవినా? వీనిని తగులబెట్టినచో పోయినదేమి?" అనునది. ఈ తలంపునకు చరిత్ర ఒప్పుకొనదు. పుదుచ్చేరిలో డూప్లే దొరకు దుబాసియైన ఆనందరంగపిళ్ళ 1736 మొదలు సుమారు ఇరువదియైదేండ్లు తమిళమున దినచర్య వ్రాసికొనెను. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమను తెలుగు లక్షణగ్రంథమును అంకితమిచ్చినది ఈయనకే. పిళ్ళ 1761లో గతించెను. ఆ పుస్తకములు 1846లో ఒక ఫ్రెంచి దొర కంటబడి వెలుగులోనికి వచ్చినవి. 1904 మొదలు 1928 వరకు పండ్రెండు సంపుటములుగా ఆంగ్లమున అచ్చయినవి. ఓడల రాకపోకలు, వర్తకుల తగవులు, ఊరి వదంతులు తప్పక వ్రాసిన ఆ పుటలు లేనిచో నాటి దక్షిణదేశ చరిత్రలో ఎంతో భాగము మనకు తెలియకుండెడిది.

మన భాషలోనే మరియొక నిదర్శనము కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టు దుబాసి ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిరి. మజిలీలు, బాటలు, ఊళ్ళు, అచ్చట దొరకు వస్తువులు, అన్నిటిని వ్రాసి మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. అయ్యగారు 1836లో గతింపగా 1838లో ఆ మిత్రులే వానిని కాశీయాత్రచరిత్రగా అచ్చొత్తించిరి. ఆ మిత్రులు ఉత్తరములను పారవేసియున్నచో ఆ గ్రంథమే లేదు.

అట్లని సర్వమును దాచుటయు న్యాయము కాదు. మన పుటలలో మనమే కాక ఇతరులును ఉందురు. కాబట్టి "ఈ వ్రాత బాగున్నదా?" అని కాక, "ఈ పుటలో ఎవరున్నారు?" అని ప్రశ్నించుకొని కాగితములను మూడు కుప్పలు చేయవలెను. మనము మాత్రమే యున్నవి మొదటి కుప్ప. వీనిని మన యిష్టము చొప్పున చేయవచ్చును. ఇతరులు మనలను నమ్మి చెప్పుకొన్న రహస్యములు రెండవ కుప్ప. వారు జీవించియున్నచో తిరిగి యీయవలెను, లేనిచో నిప్పునకు ఈయవలెను. మన వారిని గూర్చి మనము వ్రాసినవి మూడవ కుప్ప. చిక్కంతయు దీనిలోనే కలదు.

ఒక సంగతి చెప్పెదను. మా తండ్రిగారు పోయిన పిమ్మట వారి దినచర్య చదివితిని. పొలము పంపకమున తమ్మునితో తగవుపడి, ఆ గడప ఇక త్రొక్కనని కఠినముగా వ్రాసికొనిరి. రాజీ మాట ఎచ్చటను లేదు. ఆ పుట చింపబోయితిని. అంతలో మరియొక కట్టలోని జమాఖర్చు పుస్తకము చేతికి వచ్చినది. రెండేండ్ల తరువాత మా పినతండ్రిగారి కుమార్తె వివాహమునకు మంగళసూత్రములు, మధుపర్కములు, వంటచెరకు అను పద్దులు మా తండ్రిగారి చేతివ్రాతతోనే యున్నవి. కోపము కాగితమెక్కినది, ప్రేమ ఖర్చులోనికి పోయినది. జమాఖర్చు పుస్తకము పనికిమాలినదని పారవేసియున్నచో మా పిల్లలకు వైరము మాత్రమే మిగిలియుండెడిది.

అందుచేత కోపముతో వ్రాసిన పుటను చింపుటకు ముందు, దాని క్రింద నేటి తేదీ వేసి తరువాత జరిగినదేమో నాలుగు పంక్తులు వ్రాయుడు. అట్లు వ్రాయ మనసొప్పని పుటను, చదివినవారికి నొప్పి తప్ప మరేమియు మిగల్చని పుటను తీసివేయుట తప్పు కాదు.

ఉత్తరముల విషయమున ఒక న్యాయసూక్ష్మము కలదు. మనకు వచ్చిన ఉత్తరపు కాగితము మన సొత్తు. అందలి వ్రాతను అచ్చువేయు హక్కు మాత్రము 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి వ్రాసినవారిది, వారి తరువాత వారసులది. దాచుకొనవచ్చును గాని అనుమతి లేక ప్రకటింపరాదు.

ఉంచదలచినవానికి రక్షణ ముఖ్యము. గుండుసూదులు, క్లిప్పులు త్రుప్పుపట్టి కాగితమును తినివేయును గనుక ముందుగా తీసివేయుడు. చినిగినచోట జిగురుటేపు అతికింపకుడు. అది కొన్నాళ్ళకు పచ్చని మరకయై నిలుచును. ప్లాస్టిక్కు పొర వేయింపకుడు. వేసిన పొర మరల ఊడిరాదు. తేమయు ఎండయు తగులనిచోట ఉంచి, ఏటేట విప్పి చూడుడు. ఫోనుతో ఛాయాచిత్రములు తీసినచో రెండుచోట్ల భద్రపరచుడు. రెండవ కుప్పకు మాత్రము చిత్రములు వలదు; కాగితము కాలినను చిత్రములోని రహస్యము కాలదు.

లోకమునకు ఉపకరించు సంగతులున్నచో గ్రంథాలయమునకు ఈయవచ్చును. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము దాచియుంచిన పాతపత్రికలు ఎందరో పరిశోధకులకు ఆధారమైనవి. ఇచ్చుటకు ముందు వారితో మాటలాడి, ఎన్నియేండ్ల వరకు తెరువరాదో ఆ షరతును వ్రాతమూలముగ స్పష్టపరచుకొనవలెను.

ఈ పనిని ఒక్కనాట ముగింపనక్కరలేదు. వారమునకొక కట్ట చాలును. తుదకు పెట్టె మూయునపుడు, లోపల ఏమేమి యున్నవో, ఏది ఎవరికి చెందవలెనో ఒక కాగితముపై వ్రాసి అన్నిటికి మీద నుంచుడు. రేపు ఆ పెట్టె తెరచు బిడ్డ మొదట చదువవలసినది ఆ కాగితమే.