తరగతిలో ధైర్యంగా మాట్లాడటం

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పదిమంది ముందు మాట్లాడేటప్పుడు కలిగే భయానికి కారణాలు వివరించగలుగుతారు.
• ఐదు నిమిషాల ప్రసంగానికి విషయాన్ని ఎంచుకొని, వరుసలో అమర్చుకోగలుగుతారు.
• మీ సహజమైన మాటతీరులోనే స్పష్టంగా మాట్లాడగలుగుతారు.
• శ్రోతల ప్రశ్నలకు తడబడకుండా సమాధానం చెప్పగలుగుతారు.

6.1 పరిచయం

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. ఉద్యోగం, వ్యవసాయం, ఇంటి పని చేసుకుంటూ చదువుకొనేవారికి అది దారి చూపింది. అయితే ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. పుస్తకం చదవడం, జవాబులు రాయడం ఇంట్లోనే సాధన చేయవచ్చు. మాట్లాడటానికి మాత్రం వినేవాళ్లు కావాలి. సంపర్క తరగతులు కొద్ది రోజులే జరుగుతాయి. అందులో మీ వంతు వచ్చేది ఒకటి రెండుసార్లు. ఆ అవకాశం కూడా "నాకు రాదండీ" అన్న మాటతో జారిపోతుంది.

ఈ లోటు తరగతి గదితో ఆగిపోదు. పుల్లలచెరువు, ఎర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు కరవు, తాగునీటి ఎద్దడి, వలసలు కొత్త కాదు. వాటి గురించి బాగా తెలిసినవాళ్లు అక్కడ బతుకుతున్నవాళ్లే. గ్రామసభలో, అధికారుల ముందు లేచి విషయం చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం చాలామంది పక్కవాళ్ల వైపు చూస్తారు. తరగతిలో ఐదు నిమిషాలు మాట్లాడటం నేర్చుకున్న విద్యార్థి అక్కడ కూడా లేచి నిలబడగలడు.

6.2 భయం ఎందుకు కలుగుతుంది?

అందరి చూపులూ మన మీద పడగానే శరీరం దాన్ని ఒక ప్రమాదంగా భావిస్తుంది. అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. ఇది తెలివితక్కువతనానికి గుర్తు కాదు. అనుభవం ఉన్న వక్తలకూ ఇది కలుగుతుంది. సాధారణంగా మాట్లాడటం మొదలుపెట్టిన కొద్దిసేపటికి ఈ ఉద్వేగం తగ్గుముఖం పడుతుంది. కాబట్టి గడవవలసింది ముఖ్యంగా మొదటి నిమిషం.

గాంధీజీ జీవితంలో ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. బారిస్టరు పరీక్ష ప్యాసై వచ్చిన కొత్తలో బొంబాయిలోని ఒక చిన్న కోర్టులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూర్చుండిపోయారు. ఫీజుగా తీసుకున్న 30 రూపాయలు తిరిగి ఇచ్చేశారు. ఆ తరువాత 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సభలో మాట్లాడారు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం అదేనని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు. వ్యాపారంలో సత్యం పాటించడం అనే విషయం మీద ఆయన ముందుగా సిద్ధమై వెళ్లారు. బొంబాయిలో మూగబోయిన మనిషి ప్రిటోరియాలో మాట్లాడగలిగారు. చెప్పవలసిన విషయం మీద పట్టు, అది చెప్పితీరాలన్న పట్టుదల ఉన్నప్పుడు మన దృష్టి మన మీద నుంచి విషయం మీదికి మళ్లుతుంది. భయానికి అసలైన మందు అదే.

6.3 విషయాన్ని ఎంచుకోవడం, అమర్చుకోవడం

మీకు తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టండి. "నీటి ప్రాముఖ్యత" అనే విషయం తీసుకుంటే ఎవరైనా చెప్పగల మాటలే మీరూ చెబుతారు. "మా ఊరి తాగునీరు" అని తీసుకుంటే మీరు చెప్పగలిగింది ఇంకొకరు చెప్పలేరు.

ఈ రెండు ప్రారంభాలను పోల్చి చూడండి.

మొదటిది: "నీరు సకల ప్రాణికోటికి జీవనాధారం. నీరు లేనిదే మానవ మనుగడ లేదు."

రెండవది: "మా ఇంట్లో బోరు ఉంది. కానీ ఆ నీళ్లు మేం తాగం. మా అమ్మ రోజూ 20 లీటర్ల డబ్బా కొంటుంది. ఎందుకో చెబుతాను."

మొదటి ప్రారంభంలో తప్పేమీ లేదు. కానీ రెండవది వినగానే శ్రోత తల ఎత్తి చూస్తాడు.

తరువాత మూడు అంశాలు చాలు. ఐదు నిమిషాల్లో అంతకు మించి పట్టవు. పై విషయాన్ని ఇలా అమర్చుకోవచ్చు.

1) కారణం: రాళ్లలోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. నీరు రాతిపొరల్లో ఎక్కువకాలం నిలిస్తే అది పెరగవచ్చు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

2) ఫలితం: హద్దు దాటిన నీరు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద మరకలు వస్తాయి, పెద్దల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఈ వ్యాధి గురించి మన దేశంలో వెలువడిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937 నాటిది. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు సంబంధించినది. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

3) పరిష్కారం: పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరు పెట్టారు. నది నీటిని తేవడం శాశ్వతమైన మార్గం. నల్లమల కొండల్లో సొరంగాలు తవ్వి శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరద నీటిని తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. దాని లక్ష్యాల్లో తాగునీరు కూడా ఒకటి.

ముగింపులో శ్రోతలు ఇంటికి తీసుకువెళ్లవలసిన ఒక్క మాట చెప్పండి. "మీ ఊరి బోరు నీళ్లను ఒక్కసారైనా పరీక్ష చేయించండి" అంటే చాలు. "సమయం లేనందున ఇంతటితో ముగిస్తున్నాను" అనే వాక్యం వద్దు.

6.4 ఏ తెలుగులో మాట్లాడాలి?

"మా మాటలో యాస ఉంది, నవ్వుతారు" అని చాలామంది విద్యార్థులు వెనకడుగు వేస్తారు. నిజానికి యాస లేని మాట అంటూ లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో గిడుగు రామమూర్తి పంతులు జనం మాట్లాడే భాష బడిలోకి, పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. మనం ఈ రోజు పాఠ్యపుస్తకాలను వ్యవహార భాషలో చదువుకోవడం ఆ ఉద్యమ ఫలితమే. అలాంటప్పుడు తరగతిలో మాట్లాడటానికి గ్రాంథికాన్ని అరువు తెచ్చుకోవడం ఎందుకు? అరువు మాటలు సరిగ్గా అవసరమైనప్పుడే గుర్తుకు రావు.

యాసను దాచవలసిన పని లేదు. స్పష్టత మాత్రం తప్పనిసరి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అవునా కాదా అన్నది అక్కడే తేలుతుంది. "ఫ్లోరైడ్ తగ్గింది", "ఫ్లోరైడ్ తగ్గలేదు" అనే రెండు వాక్యాలకు తేడా చివరి అక్షరాల్లోనే ఉంది. భయపడే వక్త గొంతు సరిగ్గా అక్కడే పడిపోతుంది. వెనక బెంచీలో ఉన్నవాళ్లకు విషయమే తారుమారవుతుంది. అందుకని ప్రతి వాక్యాన్నీ చివరి అక్షరం దాకా ఒకే బలంతో పలకండి. "వెళ్లి, చూసి, అడిగి, తెలుసుకొని" అంటూ ఒకే వాక్యాన్ని సాగదీయకండి. చిన్న వాక్యం చెప్పి, ఆగి, ఊపిరి తీసుకోండి.

6.5 సాధన

ప్రసంగం మొత్తం కంఠస్థం చేయవద్దు. ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మధ్యలోని మూడు అంశాలను, అంకెలను చేతిలో ఇమిడే చిన్న అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

సాధన గొంతు విప్పి చేయాలి. మనసులో చదువుకోవడం సాధన కాదు. పొలం దారిలోనైనా, వంటింట్లోనైనా పైకి చెప్పుకోండి. ఫోనులో రికార్డు చేసి వినండి. గడియారం చూసుకోండి. ఆ తరువాత ఈ విషయం చదవని ఒకరికి, అమ్మకో తమ్ముడికో, చెప్పి చూడండి. వాళ్లు "అంటే ఏంటి?" అని అడిగిన చోటు గుర్తుపెట్టుకోండి. మీరు సరిచేసుకోవలసిన చోటు అదే.

జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు విద్యార్థి దశలో నాటకాలు వేసేవారు, తరువాత న్యాయవాదిగా ప్రసిద్ధులయ్యారు. పదిమంది ముందు నిలబడే అలవాటు ఏ రూపంలో వచ్చినా అది వృథా పోదు.

6.6 నిలబడిన తరువాత

వెంటనే మొదలుపెట్టకండి. రెండు పాదాలూ నేల మీద ఆనించి, ఒకసారి నిదానంగా ఊపిరి వదలండి. చివరి వరుసలో ఒకరిని చూస్తూ మొదటి వాక్యం చెప్పండి. గొంతు దానంతట అదే అంత దూరం వెళుతుంది. తరువాత ఒక్కో వాక్యానికి ఒక్కో ముఖం వైపు చూడండి. నల్లబల్ల మీద రాసేటప్పుడు మాట్లాడకండి. రాసి, ఇటు తిరిగి చెప్పండి. మధ్యలో మరిచిపోతే క్షమాపణలు అక్కరలేదు. ఆగి, అట్ట చూసి, కొనసాగించండి. మీకు ఎంతో సేపు అనిపించిన ఆ విరామం వినేవాళ్లకు రెండు క్షణాలే.

ప్రశ్న అడిగినప్పుడు పూర్తిగా వినండి. దాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి. అందరికీ వినిపిస్తుంది, మీకూ ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. సమాధానం తెలియకపోతే "ఇది నాకు తెలియదు, తెలుసుకొని వచ్చే తరగతిలో చెబుతాను" అనండి. ఊహించి చెప్పిన ఒక్క తప్పు అంకె మీరు చెప్పిన నిజాలన్నిటి మీదా అనుమానం కలిగిస్తుంది.

6.7 సారాంశం

భయం సహజమైనది, అది కొద్దిసేపే ఉంటుంది. తెలిసిన విషయం, మూడు అంశాలు, పైకి చేసిన సాధన దాన్ని అదుపులో ఉంచుతాయి. మీ యాసలోనే, చిన్న వాక్యాల్లో, చివరి అక్షరం దాకా వినిపించేలా మాట్లాడాలి. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం వక్త బలాన్ని పెంచుతుంది.

6.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తెలుగు వాక్యంలో చివరి అక్షరాలు స్పష్టంగా పలకడం ఎందుకు ముఖ్యం? రెండు ఉదాహరణలతో వివరించండి.
2. గాంధీజీ బొంబాయి, ప్రిటోరియా అనుభవాల మధ్య తేడాకు కారణాలు రాయండి.
3. మీ ఊరికి సంబంధించిన ఒక సమస్యను ఎంచుకొని ఐదు నిమిషాల ప్రసంగానికి ప్రారంభం, మూడు అంశాలు, ముగింపు రాయండి. దాన్ని మీ ఇంట్లో ఒకరికి వినిపించి, వాళ్లు అడిగిన ప్రశ్నలు నమోదు చేయండి. వచ్చే సంపర్క తరగతిలో మీ పేరు మీరే ముందుగా ఇవ్వండి.