నమీబియాలో గిజిగాడు కుటుంబపు పక్షులు

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో ఈత, తుమ్మ చెట్లకు గూళ్ళు వేలాడదీసే గిజిగాడు ప్లోసీడే అనే కుటుంబానికి చెందిన పక్షి. ఈ కుటుంబంలోని జాతులలో అత్యధికం ఆఫ్రికా ఖండంలోనే ఉన్నాయి. నైరుతి ఆఫ్రికాలోని ఎడారి దేశమైన నమీబియాలో వీటిలో పలు జాతులు నివసిస్తాయి. అన్నిటిలోకి ప్రసిద్ధమైనది సంఘజీవి గిజిగాడు (శాస్త్రీయ నామం: ఫిలెటైరస్ సోషియస్).

సంఘజీవి గిజిగాడు

ఇది సుమారు 14 సెం.మీ. పొడవు గల చిన్న పక్షి. బరువు 30 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. గడ్డం నల్లగాను, పక్కలు పొలుసుల వంటి గుర్తులతోను ఉంటాయి. ఆడ, మగ పక్షులు ఒకే విధంగా కనిపిస్తాయి.

ఈ కుటుంబానికి నేతగాళ్ళని పేరు వచ్చినా, ఈ పక్షి నిజానికి నేయదు. చెట్టు కొమ్మలపై పుల్లలతో కప్పు వేసి, దాని అడుగున ఎండు గడ్డి పరకలను ఒక్కొక్కటిగా గుచ్చుతూ పోతుంది. ఆ విధంగా తయారైన గూడు దూరం నుండి చూసేవారికి చెట్టెక్కిన గడ్డివామువలె తోస్తుంది. ఒక్కొక్క గూటిలో పదుల కొద్దీ గదులుంటాయి. పెద్ద గూళ్ళలో వందలాది పక్షులు కాపురముంటాయి. ద్వారాలన్నీ కింది వైపుకే ఉంటాయి. తరతరాలుగా పక్షులు మరమ్మతు చేసుకుంటూ ఒకే గూటిలో నివసిస్తాయి.

కలహారి ఎడారిలో శీతాకాలపు రాత్రులు గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి. అప్పుడు ఒక్కొక్క గదిలో కొన్ని పక్షులు కలిసి పడుకుంటాయి. మందమైన గడ్డి వాటి ఒంటి వేడిని నిలుపుతుంది. వేసవిలో అదే గడ్డి ఎండను అడ్డుకుంటుంది. అయితే పాములను మాత్రం ఈ గూడు ఆపలేదు. కేప్ నాగు, బూమ్‌స్లాంగ్ అనే పాములు గది తరువాత గది వెతికి గుడ్లను, పిల్లలను తినేస్తాయి. చిన్న పరిమాణంలో ఉండే మరుగుజ్జు డేగ కూడా ఈ గదులలోనే అద్దె లేకుండా కాపురం పెడుతుంది.

బంధువులు

తెల్లకనుబొమ్మల పిచ్చుక గిజిగాడు ఒకే చెట్టుకు అనేక విడివిడి గూళ్ళు కడుతుంది. గుంపులో ఒక్క జంట మాత్రమే గుడ్లు పెడుతుంది, మిగిలినవి పిల్లల పెంపకంలో తోడ్పడతాయి. దక్షిణ ముసుగు గిజిగాడు మాత్రం మన గిజిగాని వలెనే పచ్చి ఆకు పీచులతో వేలాడే గూడు నేస్తుంది. నేసేది మగపక్షి, పరీక్షించేది ఆడపక్షి.

మానవులతో సంబంధం

ఎర్రముక్కు క్వీలియా లక్షలాదిగా గుంపులు కట్టి తిరిగే పక్షి. ఉత్తర నమీబియాలో ప్రజల ముఖ్య ఆహారం సజ్జలు. అక్కడ వీటిని మహంగు అంటారు. కంకులు పాలు పోసుకునే దశలో ఈ గుంపులు వాలితే రైతు కుటుంబానికి తిండిగింజలు కరువవుతాయి.

సంఘజీవి గిజిగాడు పంటలకు అంత హాని చేయదు. దానితో వచ్చిన చిక్కు వేరు. వర్షానికి తడిసిన గూటి బరువుకు కొమ్మలు విరిగిపడడం పాత సంగతి. చెట్లు అరుదైన చోట్ల ఇప్పుడిది టెలిఫోను, విద్యుత్ స్తంభాలను ఆశ్రయిస్తున్నది. తడిసిన గడ్డి తీగలకు తగిలితే విద్యుత్తు ఆగిపోతుంది, ఒక్కొక్కసారి గూడే అంటుకుంటుంది. అందువలన సిబ్బంది గూళ్ళను తొలగిస్తుంటారు. పక్షులు మరల అదే స్తంభంపై పుల్లలు పేర్చడం మొదలుపెడతాయి.