అతిథి యంత్రము

ఒక కంప్యూటరులో మఱియొక కంప్యూటరు కాపురముండునన్న మాట వినువారికి వింతగా తోచును. కాని మన బెంగళూరులోని వైట్‌ఫీల్డు, ఎలక్ట్రానిక్స్ సిటీ ప్రాంతముల కార్యాలయములలో ఇది నిత్యకృత్యము. ఒకటి రెండు యంత్రములతో కాలము గడుపు చిన్న పాఠశాలలకు ఈ ఏర్పాటు మఱింత అక్కఱకు వచ్చును. కావున దీని తీరును, నెలకొల్పు విధమును ఇచ్చట వివరింపదలచితిమి.

ఈ భావము క్రొత్తది కాదు. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐ.బి.ఎం. సంస్థవారు 1960 దశకముననే ఒక పెద్ద కంప్యూటరును పలువురికి, ఎవరి యంత్రము వారిదే యనునట్లు పంచి యిచ్చిరి. చిన్న కంప్యూటర్ల ప్రాసెసర్లలో ఇందుకు వలయు సదుపాయమును ఇంటెల్ వారు 2005లోను, ఏ.ఎం.డి. వారు 2006లోను కల్పించిరి. ఆ సదుపాయమును వాడుకొను కేవీఎం అను భాగము 2007 ఫిబ్రవరిలో లినక్సులో చేరెను. లినక్సు మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. వాడుటకు రుసుము లేదు. బెంగళూరులో 2001లో ఆరంభమైన లినక్సు సమావేశములు ఇట్టి సాఫ్ట్‌వేరు రచించువారిని ఏండ్ల తరబడి ఒకచోట కూర్చినవి.

ఇల్లిచ్చు యంత్రమును ఆతిథేయి యనియు, అందుండు యంత్రమును అతిథి యనియు పిలుతము. మన పాత పేటలలోని వఠారమును తలచుకొనుడు. బావి ఒక్కటే, ప్రహరి ఒక్కటే. కాని ఎవరి గది వారిది, ఎవరి తాళము వారిది. అటులనే అతిథి చేయు సామాన్యమైన లెక్కలు నేరుగా నిజమైన ప్రాసెసరు మీదనే జరుగును. అందుచే వేగము పెద్దగా తగ్గదు. అతిథి డిస్కును గాని నెట్‌వర్కును గాని తాకబోయినప్పుడు మాత్రము ప్రాసెసరు దానిని నిలిపి, పెత్తనమును ఆతిథేయికి అప్పగించును. అప్పుడు క్యూఎమూ అను ప్రోగ్రాము ఆ పరికరమువలె నటించి, అడిగిన పని చేసిపెట్టును. అతిథి డిస్కు అనుకొనునది నిజమునకు ఆతిథేయి డిస్కులోని ఒక ఫైలు మాత్రమే.

ఇక నెలకొల్పు విధము. మొదట ప్రాసెసరు వివరములలో వీఎంఎక్స్ లేక ఎస్‌వీఎం అను గుర్తు ఉన్నదేమో చూడవలెను. మొదటిది ఇంటెల్‌ది, రెండవది ఏ.ఎం.డి.ది. గుర్తు లేనిచో, యంత్రము మేల్కొనునప్పుడు కనబడు బయాస్ పట్టికలో ఆ సదుపాయము మూయబడియున్నదేమో పరీక్షింపవలెను. పిమ్మట క్యూఎమూ, లిబ్‌వర్ట్ అను ప్రోగ్రాములను చేర్చి, అతిథికి ఎంత మెమరీ, ఎంత డిస్కు ఈయవలెనో నిర్ణయింపవలెను. 8 గిగాబైట్ల మెమరీ గల యంత్రమున ఇద్దఱు అతిథులకు తలా 2 గిగాబైట్లు ఇచ్చినచో ఆతిథేయికి 4 మిగులును. ఆశకు పోయి అంతయు పంచినచో అందఱును కుంటుదురు. డిస్కుగా నుండు ఫైలు వాడినకొలది పెరుగునట్లు ఏర్పఱచుకొనవచ్చును. తుదకు వర్ట్-ఇన్‌స్టాల్ అను ఆజ్ఞతో అతిథిని పుట్టించి, అందులో కోరిన వ్యవస్థను స్థాపింపవలెను. డెబియన్ స్థాపనకు చిత్రరూపమైన పద్ధతిని ఎన్నుకొనినచో భాషల పట్టికలో తెలుగును కన్నడమును రెండును కానవచ్చును. ఒక గది తెలుగునకు, ఒక గది కన్నడమునకు ఇచ్చుటలో ఏ చిక్కును లేదు.

సాధారణమైన ఏర్పాటులో అతిథి బయటి నెట్‌వర్కునకు పోగలదు గాని, బయటివారు నేరుగా దానిని చేరలేరు. నేర్చుకొనువారికి ఇది మేలే.

దీనివలన మనకు కలుగు లాభమేమి? ఒక పాఠశాలలో ఒక్కటే మంచి కంప్యూటరు ఉన్నదనుకొందము. మార్కుల పట్టికలు, ఉపాధ్యాయులు శ్రమపడి టైపు చేసిన తెలుగు పాఠములు అందులోనే యుండును. అట్టిదానిని విద్యార్థులకు వదలుటకు ఎవరును సాహసింపరు. వదలనిచో, కంప్యూటరును ఏలు విద్య వారికి పుస్తకములలోని మాటగానే మిగులును. అతిథి యంత్రమున్నచో పాఠమునకు ముందు దాని స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపఱచి, తాళపుచెవి విద్యార్థి చేతికే ఈయవచ్చును. అతడు వ్యవస్థను సమూలముగ చెఱిపినను కొద్ది నిమిషములలో పూర్వస్థితి వచ్చును. ఆతిథేయిలోని పాఠములు చెక్కుచెదరవు.

అయినను రెండు జాగ్రత్తలు మఱవరాదు. స్నాప్‌షాట్ ఆ డిస్కులోనే యుండును గావున డిస్కు చెడినచో రెండును పోవును; ముఖ్యమైన వానికి వేఱొక డిస్కున ప్రతి యుండవలెను. గదుల నడిమి గోడలోను అరుదుగా పగుళ్లు బయటపడుచుండును. వానిని పూడ్చు సవరణలను ఆతిథేయిలో ఎప్పటికప్పుడు చేర్చుచుండవలెను.

ఇంజనీరింగు కళాశాలలో చేరిన పిమ్మటనే ఈ విద్య అని మన విద్యార్థులు వేచియుండనక్కఱలేదు. ఉన్న యంత్రము పాతదైనను, పైని చెప్పిన గుర్తు అందున్నదేమో నేడే చూచుకొందురు గాక.