మీకు తెలుసా? వెన్నకు రంగేసే జాఫ్రా

ఉప్పల్‌లో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లి ఉప్పు వెన్న ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. చాలావాటి మీద ‘అన్నాటో’ అనో, ‘160బి’ అనో కనిపిస్తుంది. పేరు చూసి కంగారు పడకండి. అది మన జాఫ్రా గింజ!

• వెన్నకు రంగెందుకు? మేతలోని బీటా కెరోటిన్‌ని గేదె దాదాపు మొత్తం విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది. అందుకే దాని వెన్న తెల్లన. ఆవు కొంత కెరోటిన్‌ని పాలలోకి వదిలేస్తుంది కాబట్టి ఆ వెన్న పచ్చన. ఆ పచ్చదనం కోసమే జాఫ్రా.

• జాఫ్రా పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. ఇప్పుడు ఉత్తరాంధ్ర మన్యంలోనూ పండుతోంది. ముళ్లముళ్ల కాయ విప్పితే ఎర్రటి పూత పట్టిన గింజలుంటాయి. రంగంతా ఆ పూతదే. 1541–42లో అమెజాన్ నది పొడవునా పడవల్లో సాగిన స్పెయిన్ సాహసి ఒరెల్లానా పేరే దీని శాస్త్రీయ నామంలో ఉంది: బిక్సా ఒరెల్లానా.

• పూతలోని బిక్సిన్ నూనెలో కరుగుతుంది, వెన్నకు సరిపోతుంది. క్షారంతో దాన్ని మార్చి తీసే నార్‌బిక్సిన్ నీళ్లలో కరుగుతుంది, చీజ్‌కు పనికొస్తుంది.

• మరి ఆరోగ్యానికి? గింజలో విటమిన్ ఇ కుటుంబానికి చెందిన టోకోట్రయినాల్స్ ఉన్నాయి. కానీ రంగు కోసం వేసేది చిటికెడే, దాన్ని మందనుకోకూడదు. బిక్సిన్ కెరోటిన్ల చుట్టమే అయినా విటమిన్ ఎ గా మారదు. అరుదుగా కొందరికి అలర్జీ కూడా వస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో రోజుకు కిలో శరీర బరువుకు బిక్సిన్ 6 మిల్లీగ్రాములు, నార్‌బిక్సిన్ 0.3 మిల్లీగ్రాములు దాటొద్దంది.

• అసలు లాభం, జాఫ్రా ఏ రంగుకు బదులుగా వస్తుందన్న దానిలో ఉంది. మన దేశంలో ఆహారంలో అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. పక్కనే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లో జరిపిన అధ్యయనం 2004లో అచ్చయింది. టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, ఎరిత్రోసిన్ రంగులను కొందరు పరిమితికి మించి తింటున్నారని అందులో తేలింది. ఆహార నమూనాల్లో కల్తీని, రంగుల్ని పట్టే రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలోనే ఉంది.

• ఇంట్లో ఎలా వాడాలి? పావు కప్పు నూనెను సన్నని సెగ మీద వేడిచేసి చెంచాడు గింజలు వేయండి. నూనె నారింజ రంగుకు రాగానే దించి వడకట్టండి. సెగ ఎక్కువైతే రంగు చెడి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ నూనె ఒక చెంచా పులావు మీద చల్లి కలిపితే, ఫంక్షన్ హాల్ బిర్యానీలో కనిపించే ఆ నారింజ మెతుకులు మీ గిన్నెలోనూ మెరుస్తాయి.